మామునూరు నుంచి ఎంత దూరం, ఎంతసేపు?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి వరంగల్ పక్కనున్న మామునూరు విమానాశ్రయానికి ఎంత దూరం? కారు నడిపేవాళ్లను అడిగితే 170 కిలోమీటర్లకు పైనే అంటారు. మ్యాపు మీద నేరుగా కొలిస్తే 145 కిలోమీటర్లే వస్తుంది. రెండూ నిజమే. కాకపోతే మొదటిది నేల మీది దూరం, రెండోది గాలిలో దూరం. ఈ రెండో అంకె వరంగల్ ప్రజలకు చాలా ఖరీదైనది. ఎందుకో తెలియాలంటే విమాన దూరాన్ని ఎలా కొలుస్తారో, ఆ దూరం ప్రయాణ సమయంగా ఎలా మారుతుందో ముందు తెలుసుకోవాలి.

మామునూరు విమానాశ్రయాన్ని 1930లో చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో కట్టారు. 1981 వరకు అక్కడికి విమానాలు వచ్చాయి. ఆ తర్వాత ఆగిపోయాయి. వరంగల్‌లో ఒక తరానికి మామునూరు అంటే పోలీసు బెటాలియనే గుర్తొస్తుంది, విమానం కాదు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక మామునూరుకు ఇంకో అడ్డు వచ్చిపడింది. శంషాబాద్‌ను కట్టి నడపడానికి 2004లో కేంద్ర ప్రభుత్వం జీఎంఆర్ నాయకత్వంలోని సంస్థతో కన్సెషన్ ఒప్పందం (విమానాశ్రయాన్ని నిర్మించి, నడిపి, రాబడి తీసుకునే హక్కునిచ్చే పత్రం) చేసుకుంది. విమానాశ్రయం మొదలైన 25 ఏళ్ల దాకా 150 కిలోమీటర్ల లోపల మరో విమానాశ్రయాన్ని అభివృద్ధి చేయకూడదన్నది అందులో ఒక షరతు. ఆ 150 కిలోమీటర్లు వైమానిక దూరం, అంటే గాలిలో నేరుగా కొలిచే దూరం.

ఇలాంటి షరతు ఎందుకు పెడతారు? వేల కోట్లు అప్పు తెచ్చి కట్టేవాళ్లకు, అప్పిచ్చే బ్యాంకులకు ప్రయాణికులు వస్తారన్న భరోసా కావాలి. పక్కనే ఇంకోటి వస్తే ఆ లెక్క చెడుతుంది. ఆ కోణంలో చూస్తే షరతులో అన్యాయం లేదు. కానీ కొలత గాలిలో పెట్టడం వల్ల వరంగల్ ఆ గీతకు 5 కిలోమీటర్లు లోపల పడింది. రోడ్డు దూరం అని రాసి ఉంటే ఆ షరతు మామునూరుకు తగిలేదే కాదు.

145 అన్న అంకె ఎలా వచ్చిందో ఎవరైనా కాగితం మీద చూసుకోవచ్చు. మామునూరు ఉత్తర అక్షాంశం 17.91 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 79.60 డిగ్రీలు. శంషాబాద్ 17.23, 78.43. అక్షాంశాల్లో తేడా 0.68 డిగ్రీ. ఒక డిగ్రీ అక్షాంశం అంటే నేల మీద దాదాపు 111 కిలోమీటర్లు. కాబట్టి ఉత్తర దక్షిణాలుగా తేడా 75 కిలోమీటర్లు. రేఖాంశాల్లో తేడా 1.17 డిగ్రీలు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరపడతాయి గనుక మన ప్రాంతంలో ఒక డిగ్రీకి 106 కిలోమీటర్లే వస్తాయి. అంటే తూర్పు పడమరలుగా తేడా 124 కిలోమీటర్లు. ఇక పదో తరగతిలో చదువుకున్న పైథాగరస్ సిద్ధాంతమే. 75, 124 భుజాలుగా ఉన్న లంబకోణ త్రిభుజంలో కర్ణం 145.

దగ్గరి ఊళ్లకు ఈ లెక్క సరిపోతుంది. దూర దేశాలకు సరిపోదు, ఎందుకంటే భూమి గుండ్రంగా ఉంది. అక్కడ కొలిచేది గ్రేట్ సర్కిల్ దూరం (గోళం మీద రెండు చోట్లను కలిపే అతి తక్కువ దూరపు వంపు దారి). ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని హైదరాబాద్ మీద ఒక కొస, షికాగో మీద ఇంకో కొస పెట్టి బిగించి చూడండి. గోడ మ్యాపు చూసే అలవాటుతో దారం అరేబియా సముద్రం, యూరప్, అట్లాంటిక్ మీదుగా పడమటికి పోతుందనుకుంటాం. బిగించిన దారం మాత్రం దాదాపు నేరుగా ఉత్తరానికి పోయి, ఆర్కిటిక్ మంచు సముద్రం మీదుగా, 79వ అక్షాంశం దగ్గర వంగి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. ఆ దూరం దాదాపు 13,280 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు మధ్యలో ఆగని విమానం నడిపింది. హనుమకొండ, కాజీపేట ఇళ్లనుంచి పిల్లలను అమెరికా పంపినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల పిల్లలు ఎక్కే విమానం తెర మీద ఉత్తరానికి తిరిగినట్టు కనిపిస్తే అది దారి తప్పడం కాదు, దగ్గరి దారి పట్టడం.

అయితే విమానం ఆ గీత మీద అచ్చంగా ఎగరదు. ఆకాశంలో కూడా దారులుంటాయి. వేపాయింట్లు (అక్షాంశ రేఖాంశాలతో గుర్తుపెట్టి పేర్లు పెట్టిన బిందువులు) ఒకదాని తర్వాత ఒకటి దాటుతూ పోవాలి. సైన్యానికి కేటాయించిన గగనతలాన్ని తప్పుకోవాలి. దేశ గగనతలంలో పౌర విమానాలకు స్వేచ్ఛగా దొరికేది 60 శాతమేనని 2020 మేలో కేంద్ర ఆర్థిక మంత్రే ప్రకటించారు. ఉరుముల మబ్బు ఎదురైతే పక్కకు జరగాలి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక ఢిల్లీ నుంచి పడమటికి పోయే విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. రెండు ఊళ్ల మధ్య దూరం అంగుళం కూడా మారలేదు, ప్రయాణం మాత్రం పెరిగింది.

దిగే చోటా దూరం పెరుగుతుంది. విమానం గాలికి ఎదురుగా దిగాలి. అప్పుడే నేల మీద వేగం తగ్గి, తక్కువ దూరంలో ఆగగలదు. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి పడమటి నుంచి వీస్తుంది. కాబట్టి విమానం తూర్పు వైపునుంచి వచ్చి, పడమటి ముఖంగా దిగాలి. ఢిల్లీ నుంచి, అంటే ఉత్తరం నుంచి వచ్చే విమానం నగరాన్ని చుట్టి వచ్చి వరుసలో నిలబడుతుంది. కిటికీలోంచి విమానాశ్రయం కనిపించాక కూడా పది నిమిషాలు గాలిలోనే ఉండేది ఇందుకే.

ఇప్పుడు సమయం సంగతి. టికెట్ మీద రాసేది గాలిలో ఉన్న సమయం కాదు. అక్కడ రాసేదాన్ని బ్లాక్ టైమ్ (విమానం ఆగిన చోటినుంచి కదిలిన క్షణం మొదలు, అవతల మళ్లీ ఆగే క్షణం దాకా పట్టే సమయం) అంటారు. ఇందులో నేల మీద రన్‌వే దాకా మెల్లగా నడవడం ఉంటుంది. ముందున్న విమానాల వెనక నిలబడడం ఉంటుంది. ఎగిరాక 10,000 అడుగుల ఎత్తు దాటేవరకు వేగానికి పరిమితి ఉంటుంది. గంటకు 460 కిలోమీటర్ల లోపే పోవాలి. ఆ పైన వేగం పెంచుకుంటూ 35,000 అడుగుల ప్రాంతానికి చేరాక గాని జెట్ విమానం గంటకు 830 కిలోమీటర్ల దాకా అందుకోదు. మళ్లీ దిగడం కూడా నిదానమే. ఆ ఎత్తునుంచి సాఫీగా దిగాలంటే గమ్యానికి దాదాపు 200 కిలోమీటర్ల ముందే దిగడం మొదలుపెట్టాలి.

ఈ ఒక్క సంగతి మామునూరు విషయంలో చాలా తేల్చేస్తుంది. 200 కిలోమీటర్ల ముందు దిగడం మొదలుపెట్టాల్సిన విమానానికి 145 కిలోమీటర్ల ప్రయాణం ఇస్తే అది పూర్తి ఎత్తుకు చేరనే లేదు. ఎత్తు తక్కువైతే గాలి చిక్కగా ఉంటుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది. చిన్న ఏటీఆర్ విమానం (రెక్కలకు పంకాలుండే, 70 నుంచి 78 సీట్ల విమానం) అయితే గంటకు 500 కిలోమీటర్ల లోపు వేగంతో తక్కువ ఎత్తులో పోతుంది గనుక కొంత నయం. అయినా నేల మీది నడక, ఎక్కడం, దిగడం కలిపితే వరంగల్ నుంచి శంషాబాద్‌కు 45 నిమిషాల దాకా పడుతుంది. దానికి ముందు గంట సేపు విమానాశ్రయంలో కూర్చోవాలి. కాజీపేటలో రైలెక్కితే 132 కిలోమీటర్ల అవతల సికింద్రాబాద్‌లో దిగుతాం. వందేభారత్ లాంటి రైలు వరంగల్ నుంచి దాదాపు గంటన్నరలో చేరుస్తుంది, అదీ నగరం నడిబొడ్డుకు. నా మాట చెప్పాలంటే వరంగల్–హైదరాబాద్ విమానం కోసం మామునూరును కట్టనక్కర్లేదు. దాని అవసరం వేరే చోట ఉంది.

దూరం చెబితే సమయం అంచనా వేసుకోవడానికి ఒక మోటు లెక్క ఉంది. జెట్ విమానమైతే కిలోమీటర్లను 800తో భాగించి అరగంట కలపాలి. ఏటీఆర్ అయితే 480తో భాగించి 25 నిమిషాలు కలపాలి. శంషాబాద్ నుంచి ఢిల్లీ 1,260 కిలోమీటర్లు. లెక్క వేస్తే రెండు గంటల ఐదు నిమిషాలు వస్తుంది. టికెట్ మీద ఉండేదీ దానికి అటూ ఇటూగానే. ఇక మామునూరు నుంచి చూద్దాం. ఢిల్లీ 1,210 కిలోమీటర్లు, జెట్‌లో రెండు గంటలు. ముంబై 720 కిలోమీటర్లు, గంటా ఇరవై ఐదు నిమిషాలు. బెంగళూరు 560 కిలోమీటర్లు, జెట్‌లో గంటా పావు, ఏటీఆర్‌లో గంటా ముప్పై ఐదు నిమిషాలు. విశాఖపట్నం 385 కిలోమీటర్లు, ఏటీఆర్‌లో గంటా పావు. తిరుపతి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వరంగల్, తిరుపతి విమానాశ్రయాలు దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. మామునూరులో ఎగిరిన విమానం దాదాపు నేరుగా దక్షిణానికి పోతే 475 కిలోమీటర్లలో తిరుపతి విమానాశ్రయమున్న రేణిగుంట వస్తుంది. ఏటీఆర్‌లో గంటా ఇరవై ఐదు నిమిషాలు.

ఈ లెక్కలో గాలి లేదు. నిజానికి గాలి ఉంటుంది. ఉత్తర తెలంగాణలో గల్ఫ్‌కు పోయొచ్చినవాళ్లు లేని ఊరుండదు. వాళ్లకు ఇది అనుభవమే. పోయేటప్పుడు విమానం ఎక్కువసేపు పోతుంది, వచ్చేటప్పుడు తొందరగా వస్తుంది. పై ఎత్తుల్లో, ముఖ్యంగా చలికాలంలో, గాలి పడమటి నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది. హైదరాబాద్ నుంచి దుబాయ్ దాదాపు 2,540 కిలోమీటర్లు. విమానం వేగం 830, ఎదురుగాలి 100 అనుకుంటే నేల మీద లెక్కకు వచ్చే వేగం 730. గాలిలోనే మూడున్నర గంటలు పడుతుంది. వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది, వేగం 930 అవుతుంది, రెండు గంటల ముప్పావులో వచ్చేస్తుంది. ముప్పావు గంట తేడా. దీనికి గడియారం తోడై ఇంకా తికమక పెడుతుంది. టికెట్ మీద ఎక్కే సమయం మన గడియారం ప్రకారం, దిగే సమయం అక్కడి గడియారం ప్రకారం రాస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. ఉదయం 10 గంటలకు ఎక్కి 12:30కి దిగుతారని రాసి ఉంటే ప్రయాణం రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు. మొదటిసారి పోయేవాళ్లు, ముఖ్యంగా మందులు వేళకు వేసుకోవాల్సినవాళ్లు, ఆ గంటన్నరను గుర్తుపెట్టుకోవాలి.

మామునూరుకు ఏ విమానం వస్తుంది, అది ఎంత దూరం పోగలదు అన్నది రన్‌వే పొడవు మీద ఉంటుంది. చాలామంది ఈ రెంటినీ కలిపి చూడరు. దూరం పోవాలంటే ఇంధనం ఎక్కువ నింపాలి. ఇంధనం నింపితే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే గాలిలోకి లేవడానికి ఎక్కువ వేగం కావాలి, ఆ వేగం అందుకోవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. దీని మీద ఎండ. వేడెక్కిన గాలి పలచబడుతుంది. పలచటి గాలిలో రెక్కలకు ఎత్తే బలం తగ్గుతుంది, ఇంజిన్‌కు తోసే బలమూ తగ్గుతుంది. మే నెలలో వరంగల్ మధ్యాహ్నం 44, 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. చలికాలం పొద్దున తేలిగ్గా లేచే విమానమే ఆ ఎండలో ఇంకా ఎక్కువ రన్‌వే అడుగుతుంది. రన్‌వే అంత లేకపోతే మిగిలే దారులు రెండే. ప్రయాణికులను తగ్గించుకోవాలి, లేదా ఇంధనం తగ్గించుకుని దగ్గరి ఊరికే పోవాలి. ఏటీఆర్‌కు 1,400 మీటర్ల ప్రాంతంలో రన్‌వే ఉన్నా పని జరుగుతుంది. ఏ320 లాంటి 180 సీట్ల జెట్ నిండా జనంతో, ఢిల్లీకి సరిపడా ఇంధనంతో, మే ఎండలో లేవాలంటే అది చాలదు. అందుకే కొత్త ప్రణాళికలో 2,800 మీటర్ల రన్‌వే అనుకున్నారు.

ఆ మీటర్లకు నేల కావాలి. మామునూరులో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో ముందునుంచే 696 ఎకరాలున్నాయి. ఇంకో 253 ఎకరాల సేకరణకు రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. హైదరాబాద్ విమానాశ్రయ సంస్థ 150 కిలోమీటర్ల షరతు తమకిచ్చిన హక్కును మామునూరు వరకు వదులుకోవడానికి ఒప్పుకుంది. 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి పత్రం వచ్చింది. సేకరించే ఆ 253 ఎకరాలు నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడిపల్లి రైతులవి. రన్‌వే కొస జరిగితే ఊరికి పోయే బాట కూడా జరుగుతుంది. పొలానికి తగిన ధర, బాటకు బదులు బాట అడగడం వాళ్ల హక్కు. ఢిల్లీ రెండు గంటల దూరానికి రావడమన్నది ఆ పొలాల మీదుగానే జరుగుతోంది గనుక దూరాల లెక్కలో ఇదీ భాగమే అని నేననుకుంటాను.

చివరికి ప్రయాణికుడికి కావలసిన అంకె ఇంటి గడప నుంచి గమ్యం దాకా పట్టే సమయం. హనుమకొండ నుంచి ఢిల్లీ పోవాలనుకోండి. పొద్దున 7:30 విమానం అందుకోవాలంటే రాత్రి రెండు గంటలకే కారు కదలాలి. కోమళ్ల టోల్, జనగామ, ఆలేరు, భువనగిరి, గూడూరు టోల్ దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగురోడ్డు ఎక్కి, పెద్దంబర్‌పేట, తుక్కుగూడ మీదుగా శంషాబాద్ చేరాలి. మూడు గంటలకు పైగా పడుతుంది. పొగమంచు, లారీలు చూసుకుని ఇంకో అరగంట చేతిలో ఉంచుకుంటారు. లోపల రెండు గంటలు. గాలిలో, నేల మీద కలిపి రెండుంబావు గంటలు. సామాను తీసుకుని బయటపడడానికి అరగంట. మొత్తం ఎనిమిది గంటలకు పైనే. ఇందులో విమానం పాలు పావు వంతు చిల్లర. మామునూరు నుంచి అదే జెట్ ఎగిరితే హనుమకొండ నుంచి విమానాశ్రయానికి అరగంట, లోపల గంట నుంచి గంటన్నర, విమానం రెండు గంటలు, అవతల అరగంట. నాలుగున్నర గంటలు మించదు. మిగిలిన మూడున్నర గంటలూ విమానం వేగం వల్ల మిగిలినవి కావు, రోడ్డు తగ్గడం వల్ల మిగిలినవి.

అదే లెక్క విజయవాడకు వేస్తే ఫలితం తిరగబడుతుంది. గాలిలో 200 కిలోమీటర్లు, ఏటీఆర్‌లో 50 నిమిషాలు. ఇంటినుంచి విమానాశ్రయానికి అరగంట, లోపల గంట, అవతల గన్నవరం విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఇంకో అరగంటకు పైన. మొత్తం మూడు గంటలు. రైల్లోనూ దాదాపు అంతే పడుతుంది, ఖర్చు అందులో నాలుగో వంతు కూడా ఉండదు. సుమారు 300 కిలోమీటర్ల లోపు రైలుదే పైచేయి. 450 దాటాక విమానానికి అర్థం మొదలవుతుంది. తిరుపతి ఆ గీతకు అవతల ఉంది. రైల్లో రాత్రంతా పట్టే ప్రయాణం విమానంలో మూడున్నర గంటల్లో ముగుస్తుంది.

ఇంత లెక్కలోనూ పట్టించుకోని అంకె ఒకటి ఉంది. రోజుకు ఎన్ని విమానాలు? మామునూరు నుంచి ఢిల్లీకి రోజుకు ఒక్కటే విమానం ఉండి, అది మధ్యాహ్నం రెండింటికి బయల్దేరితే, పొద్దున ఆఫీసులో పని ఉన్నవాడు ముందు రోజే పోయి రాత్రి అక్కడ పడుకోవాలి. శంషాబాద్ నుంచి ఢిల్లీకి తెల్లవారుజాము మొదలు అర్ధరాత్రి దాకా విమానాలుంటాయి. మామునూరులో ఆ ఒక్కటే ఉంటే మూడున్నర గంటల ఆదా ఒక్క వేచి ఉండడంలోనే కరిగిపోతుంది. కాబట్టి మామునూరుకు మొదటి విమానం ఏ ఊరికి అన్న ప్రశ్నతో పాటు అది ఏ వేళకు అన్న ప్రశ్న కూడా వరంగల్ ప్రజాప్రతినిధులు, వ్యాపార సంఘాలు ఇప్పటినుంచే అడగాలి. రామప్ప చూడడానికి వచ్చే పర్యాటకుడికి, టెక్స్‌టైల్ పార్కుకు వచ్చే కొనుగోలుదారుకు, నిట్‌లో పాఠం చెప్పి పోవలసిన అధ్యాపకుడికి పొద్దున వచ్చి సాయంత్రం పోయే విమానం కావాలి. ఢిల్లీ, ముంబై మీదుగా విదేశాలకు పోయే పిల్లలకు రాత్రి విమానాలు అందేలా సాయంత్రం బయల్దేరేది కావాలి. ఒకే విమానం ఈ రెండు పనులూ చేయాలంటే అది పొద్దున వచ్చి తిరిగిపోయి, సాయంత్రం మళ్లీ రావాలి.